నెల్లూరు జిల్లా చరిత్ర రాస్తే గూడూరును వదిలేయాలా, కందుకూరును కలపాలా?

మూలాపేట మాస్టారు:
మేం ఆరుగురం కలిసి మన జిల్లా చరిత్ర, సంస్కృతి మీద 300 పేజీల పుస్తకం వేద్దామని ఏడాదిన్నరగా రాస్తున్నాం. మొన్న ఆదివారం కూర్చున్నప్పుడు మాటామాటా పెరిగి, తెప్పించిన టీ కూడా తాగకుండా లేచొచ్చాం. గూడూరు, సూళ్లూరుపేట మీద 60 పేజీలు సిద్ధంగా ఉన్నాయి. పులికాట్ సరస్సు, శ్రీహరికోట, అభ్రకం గనులు అన్నీ అందులోనే. 2022 ఏప్రిల్‌లో ఆ ఊళ్లు తిరుపతి జిల్లాలోకి పోయాయి కాబట్టి ఆ పేజీలు తీసేయమని మాలో ఇద్దరి వాదన. అచ్చుకు డబ్బు పెట్టే పెద్దాయన కూడా వాళ్ల వైపే. "మనది కాని జిల్లాకు నేనెందుకు ఖర్చు పెట్టాలి?" అన్నాడు.

నేను మాత్రం పాత జిల్లా హద్దు గీతే ఉంచాలంటాను. అభ్రకం సంగతే చూడండి. కొత్త గీతతో సైదాపురం నెల్లూరులో ఉండిపోయింది, గూడూరు తిరుపతికి పోయింది. గనుల కథ సగం రాసి, మిగతాది పక్క జిల్లా పుస్తకంలో చదువుకోండి అని చెప్పాలా? మీరేమంటారు?

కందుకూరోడు:
పాత గీత అంటే ఏ పాత గీత మాస్టారూ? 1970కి ముందుదా, తర్వాతదా? 1970 ఫిబ్రవరి దాకా మేమూ నెల్లూరే. ఒంగోలు జిల్లా పెట్టినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి అటు పోయాయి. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు పెట్టారు. 2022లో మమ్మల్ని తెచ్చి మళ్లీ నెల్లూరులో కలిపారు. మా తాత పొలం కాగితాల్లో నెల్లూరు జిల్లా, మా నాన్న సర్టిఫికెట్లలో ప్రకాశం, మా పాప ఆధార్‌లో మళ్లీ నెల్లూరు. ముగ్గురూ పుట్టింది ఒకే ఇంట్లో.

ఇంతకీ మీ 300 పేజీల్లో మాకెన్ని? గూడూరు పోతుందని బాధపడుతున్నారు, బాగానే ఉంది. వచ్చిన మా గురించి ఒక్క మాట లేదే! ఒంగోలు వాళ్ల పుస్తకాల్లో మేం చివరి అధ్యాయం, నెల్లూరు వాళ్ల పుస్తకాల్లో అసలు లేం.

గ్రూప్‌టూ అభ్యర్థి:
సార్, కొనేది మాలాంటి వాళ్లం. పరీక్షలో ఇప్పటి జిల్లానే అడుగుతారు. పాత గీత ప్రకారం చదివి తప్పు రాస్తే మార్కులు మీరిస్తారా? ఇప్పుడున్న జిల్లా వరకే రాయండి, ధర కూడా తగ్గుతుంది.

పాతపలక:
తమ్ముడూ, పరీక్షకు గైడ్లున్నాయి. చరిత్ర పుస్తకాన్ని కూడా గైడ్ చేయొద్దు.

మాది మార్కాపురం. 1970 దాకా కర్నూలు జిల్లా. మాకు ఏ గీత మీదా మమకారం లేదు. నన్నడిగితే ఆ గీతలు పక్కన పెట్టి జనం, పశువులు తిరిగిన దారుల వెంట రాయండి. గొల్లల వీరుడు కాటమరాజు కథ వినే ఉంటారు. కరువొచ్చి మందలను నెల్లూరు సీమ మేతకు తోలుకొచ్చాడు. పుల్లరి, అంటే మేత పన్ను కింద కోడెదూడలు ఇస్తానన్న ఒప్పందం చెడింది. నెల్లూరు రాజు నల్లసిద్ధి తరఫున ఖడ్గతిక్కన కత్తి పట్టాడు. కథలో యుద్ధం జరిగింది పాలేరు అనే ఏటి ఒడ్డున. ఇప్పుడు దీన్ని ఏ జిల్లా పుస్తకంలో వేస్తారు? గడ్డి నెల్లూరుది, ఆవులు పైనించి వచ్చినవి, రక్తం పాలేట్లో పారింది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఒంగోలు జాతి పశువులను బ్రెజిల్‌లో 'నెలోర్' అంటారు. అవి ఓడెక్కిన రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉంది మరి. మన గిత్తకు అక్కడ పాత జిల్లా పేరే నిలిచిపోయింది.

శాసనాల పిచ్చోడు:
పాతపలక అన్నా, వినడానికి బాగుంది గానీ, దారుల వెంట రాస్తే మా ఊరు ఏ పేజీలో ఉందో వెతుక్కోవడానికే సగం రోజు పడుతుంది. నేనా బాధ పడ్డవాణ్ణి.

ఒక పాత పద్ధతి ఉంది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా 1905లో అచ్చేశారు. ముందటేడే, అంటే 1904లో, ఒంగోలును తీసి కొత్త గుంటూరు జిల్లాలో కలిపారు. అయినా ఒంగోలు తాలూకా శాసనాలు ఆ సంపుటాల్లోనే ఉన్నాయి. గీత మారిందని వాళ్లు తీసేసి ఉంటే ఈరోజు మనకు ఆ పాఠాలు చేతికందేవి కావు. తాలూకా పేరు, దాని కింద అంకె, అంతే. తర్వాత ఎన్ని జిల్లాలు మారినా ఆ అంకెతో ఎవరైనా వెతుక్కోవచ్చు.

కందుకూరు అన్నకు మాత్రం ఒక మాట. 848 నాటి పండరంగని అద్దంకి శాసనంలో, తరువోజ అనే ఛందస్సులో ఉన్న ఆ పద్యంలో, 'కందుకూర్బెజవాడ గావించె' అని ఉంది. కందుకూరును బెజవాడంతటి దాన్ని చేశాడని చాలామంది అర్థం చెబుతారు. తెలుగు పద్యం తొలిసారి రాయి మీద కనిపించిన చోటే మీ ఊరుంది. చివరి అధ్యాయం అని మీరెందుకు చిన్నబుచ్చుకోవాలి? 2022లో ఆ అద్దంకి బాపట్ల జిల్లాకు వెళ్లింది. జిల్లా గీత పట్టుకుంటే మీ ఊరి గురించిన ఆ మాటే మీ పుస్తకంలో ఉండదు.

కలిగిరి కోడలు:
రాజులు, తాలూకాలు అయిపోయాయా? దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమానికి ఎన్ని పేజీలు ఇచ్చారు మాస్టారూ? 1992లో మా అత్తగారి వయసు ఆడవాళ్లు సారా దుకాణాల ముందు అడ్డంగా కూర్చున్నారు. ఆ ఊపు రాష్ట్రమంతా పాకి 1995లో మద్య నిషేధం దాకా వెళ్లింది. దానికి గీత గొడవ లేదు, ఏ మ్యాపు చూసినా అది నెల్లూరు జిల్లానే. అయినా మీ పోస్టులో ఆ పేరే లేదు.

మూలాపేట మాస్టారు:
అమ్మా, నిజం చెబుతున్నా, అరపేజీ. సిగ్గుగానే ఉంది. ఆ అధ్యాయం రాయాల్సింది నేనే. ఎవరో ఒకరు రాస్తార్లే అనుకున్నా.

శాసనాల తమ్ముడి మాట నాకు నచ్చింది. 1970కి ముందున్న తాలూకాల వారీగా వేద్దాం, ఒంగోలుతో సహా. గూడూరు ఉంటుంది, కందుకూరు వస్తుంది. మొదట్లో ఒక పట్టిక వేసి ఏ తాలూకా ఏ ఏడు ఏ జిల్లాలో ఉందో చూపిద్దాం. గ్రూప్‌టూ బాబుకు అదొక్కటీ చాలు. పేరులో 'జిల్లా' అనే మాట తీసేస్తే సగం గొడవ తగ్గుతుందేమో. పొట్టి శ్రీరాములు గారినే తీసుకోండి. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఆయన పుట్టింది మద్రాసులో, పూర్వీకులది కనిగిరి వైపు.

డబ్బు పెట్టే పెద్దాయన ఒప్పుకుంటాడో లేదో చూడాలి. పేజీలు 400 దాటేట్టున్నాయి.

గ్రూప్‌టూ అభ్యర్థి:
'జిల్లా' లేకుండా పేరేం పెడతారు సార్? షాపులో ఏమని అడగాలి?

కందుకూరోడు:
పేరు తర్వాత చూసుకోండి. కందుకూరు నేను రాస్తా. 40 పేజీలు కావాలి. చివర్లో వేస్తానంటే మాత్రం రాయను, ముందే చెబుతున్నా.

మూలాపేట మాస్టారు:
అక్షరక్రమంలో వేస్తున్నాం. ఆత్మకూరు, ఉదయగిరి, ఒంగోలు, ఆ వెంటనే మీరు. నెల్లూరే మీ వెనకాల ఎక్కడో ఉంటుంది.