1 తిమోతి 3:11లో స్త్రీలు ఎవరు? పరిచారకులా, వారి భార్యలా?

వందనాలు. వచ్చే ఆదివారం మా సంఘంలో పరిచారకుల (సంఘ సేవ బాధ్యత తీసుకునే డీకన్ల) ఎంపిక ఉంది. ప్రభు బల్ల రోజు అందరికంటే ముందే వచ్చి, ద్రాక్షరసం గిన్నెలు కడిగి తుడిచిపెట్టే ఒక అక్క పేరు ఇచ్చాం. పెద్దలు 12వ వచనంలోని ‘ఏకపత్నీ పురుషులు’ అన్న మాట చూపించి ఆపేశారు.

మన తెలుగు బైబిల్లో 11వ వచనం ‘పరిచర్యచేయు స్త్రీలు’ అంటుంది. ఇంగ్లీషు కింగ్ జేమ్స్‌లో మాత్రం ‘వారి భార్యలు’ అని ఉంది. గ్రీకు మాట ‘గునైకస్’కి రెండు అర్థాలూ ఉన్నాయి, ‘వారి’ అన్న మాట అక్కడ లేనే లేదు. రోమా 16:1లో సంఘ పరిచారకురాలని పిలిచిన ఫీబేను కూడా చూపించాను, పెద్దలు అది మామూలు సేవేనన్నారు. పాస్టరుగారేమో 11వ వచనానికి రెండు అర్థాలూ కుదురుతాయన్నారు. నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

11వ వచనం స్త్రీ పరిచారకుల గురించేనని చూపించడానికి 1 తిమోతి 3వ అధ్యాయంలోనే గట్టి ఆధారం ఏముంది?