బోనస్‌కు తెలుగులో ఏమనాలి? కొసరు, ఇనాము, బక్షీసు ఒకటేనా?

ఆదోని నుంచి ప్రశ్న:
జిన్నింగు మిల్లు నోటీసు బోర్డుకు తెలుగులో రెండు వాక్యాలు కావాల. "దసరా బోనస్" అని రాస్తే "దీనికి తెలుగు మాటే లేదా" అంటున్నారు. ఒకాయన కొసరు అన్నాడు, ఒకాయన బహుమానం, ఇంకొకాయన పారితోషికం. ఏది పెట్టాల? వీటి తేడాలు గూడా తెలిసినోళ్లు చెప్పండి.

కర్నూలు:
ఏది పెట్టినా కొసరు మాత్రం పెట్టొద్దన్నా. అది బేరం మాట. కొన్నవాడు అడగాల, అమ్మినవాడు వెయ్యాల. దానికి సమయం గూడా ఉంది: తూకం అయినాక, డబ్బు చేతులు మారేలోపల. ముందే అడిగితే అది ధర తగ్గించమనే బేరమే గానీ కొసరు గాదు. కొసరును తూచరు, చేత్తో తీసి వేస్తారు. ఎర్రగడ్డలు కొంటే ఇంకో గడ్డ, బొరుగులు కొంటే ఇంకో పిడికెడు, కాయగూరలు కొంటే నాలుగు రెమ్మల కరివేపాకు. అదే సరుకే కావాలని లేదు, చవకది అయితే చాలు.

తూకంలోనే సరుకు వైపు కొంచెం దిగేట్టు చూస్తే దాన్ని మొగ్గు అంటారు. కొసరు వేరు, మొగ్గు వేరు. తక్కెడ పోయి అంకెల కాటా వచ్చినాక మొగ్గు దాదాపు పోయింది, కొసరు నిలబడింది.

క్రియగా వాడినప్పుడు ఒక తమాషా ఉంది. అంగట్లో కొసరేది తీసుకునేవాళ్లు: "ఆమె కొసరకుండా ఏదీ కొనదు." పంక్తిలో కొసరేది పెట్టేవాళ్లు: "కొసరి కొసరి వడ్డించింది." ఒకచోట ఇంకా కావాలని, ఇంకోచోట ఇంకా తినమని. బలవంతం ఎటునుంచైనా మాట అదే. పత్రికల్లో కనిపించే "అసలు, కొసరు" జంటలో మాత్రం కొసరంటే ముఖ్యం కాని తోక. కార్మికుడికి హక్కుగా రావాల్సిన డబ్బుకు ఈ మాట పెడితే ఎట్లుంటుందో చూడండి.

గుంతకల్లు:
మా దగ్గర రైల్వే కుటుంబాల్లో "బోనస్ పడిందా" అంటారు గానీ ఇంకో మాట వినపడదు. దసరా ముందు ప్రకటించే 78 రోజుల బోనస్ ఉంది కదా, దాని లెక్క చాలామంది తప్పుగా అనుకుంటారు. 78 రోజుల అసలు జీతం గాదు. నెలకు 7,000 రూపాయల పరిమితి మీద కడతారు కాబట్టి ఎంత జీతగాడికైనా 17,951 దాటదు. 7,000ను 12తో గుణించి, 365తో భాగించి, 78తో గుణిస్తే వస్తుంది.

తుంగభద్ర అవతల తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు మద్దతు ధర మీద క్వింటాకు 500 ఇస్తామన్నారు. దానికీ రైతులు బోనస్ అనే అంటున్నారు. పల్లెల్లో స్థిరపడిన మాటను పీకి సంస్కృతం నాటేది ఎందుకు?

ప్రొద్దుటూరు:
మిగిలిన మాటలు చూద్దాం. ఎవరు ఎవరికి ఇస్తున్నారన్నదే ఇక్కడ అసలు సంగతి.

ఇనాము పైవాడు కిందివాడికి మెచ్చి ఇచ్చేది. అరబ్బీ మాట, పండగ ఇనాములో ఇంకా బతికుంది. మన జిల్లాల్లో దానికి భూమి వాసన గూడా ఉంది. చెరువు కట్టినవాళ్లకు, దాని మరమ్మతు చూసేవాళ్లకు ఇచ్చిన దశబంధం ఇనాములు కడప, అనంతపురం పాత రికార్డుల్లో కనపడతాయి. అవి ఊరికే ఇచ్చినవి గావు, పని షరతు ఉండేది. ఆంధ్ర ప్రాంతంలో ఇనాముల రద్దు చట్టం వచ్చింది 1956లో.

బక్షీసు పారసీ మాట. పని అయినాక సంతోషంతో చేతిలో పెట్టేది, హోటలు టిప్పుకు దగ్గర. నజరానా దీనికి తలకిందులు, కిందివాడు పైవాడికి సమర్పించుకునేది. "ఉద్యోగులకు దసరా నజరానా" అని శీర్షికలు పెడుతుంటారు, అది పొరపాటే. మామూలు అంటే మొదట వాడుకగా ఇచ్చేది అనే, ఇప్పుడు అడిగేవాడి ముఖం చూస్తే అర్థం తెలిసిపోతుంది.

బహుమానం గౌరవించి ఇచ్చేది. పోటీలో గెలిస్తే వచ్చేది బహుమతి. పారితోషికం పరితోషం, అంటే సంతోషం, నుంచి పుట్టినా ఈరోజు సినిమా నటుల ఫీజుకు అతుక్కుపోయింది. నోటీసులో రాస్తే కార్మికులు నవ్వుతారు.

అనంతపురం:
సూటును మర్చిపోయినారప్పా. చీనీకాయల (బత్తాయిల) వ్యాపారంలో తూకం మీద రైతు దగ్గర అదనంగా తీసుకునే సరుకది. పేరు తరుగని చెప్పినా పనికి అది కొనేవాడి కొసరే. అడిగేది గాదు, కోసేది. టన్నుకు వంద కిలోలు సూటంటే పదకొండు క్వింటాళ్లు ఇచ్చి పది క్వింటాళ్ల డబ్బు తీసుకున్నట్టు. ధర టన్నుకు 22,000 అని చెప్పినా చేతికొచ్చేది 20,000 ధరే. అందుకే తోట దగ్గర ధర ఒక్కటే అడక్కుండా "సూటెంత" అని గూడా అడగాల.

ఆదోని:
అట్లయితే "ప్రోత్సాహకం" పెడితే?

కర్నూలు:
అది ఇన్సెంటివ్. ఇంత పని దాటితే ఇంత అని ముందే చెప్పి ఇచ్చేది. బోనస్ అట్లా గాదు. 1965 బోనస్ చట్టంలో ఉండి, దాని స్థానంలో 2025లో అమల్లోకొచ్చిన వేతనాల కోడ్‌లో గూడా నిలిచిన లెక్క ప్రకారం కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20 శాతం. 8.33 ఎందుకంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు, అంటే ఒక నెల జీతం. ఏడాదిలో కనీసం 30 పనిదినాలు చేసిన అర్హులకు వస్తుంది. మెప్పుతో ఇచ్చేది గాదు కాబట్టి ఇనాము, బహుమానం రెండూ పనికిరావు. చట్టంతో పనిలేకుండా యజమాని ఇష్టంగా ఇస్తే అప్పుడు "పండగ కానుక" అనుకోవచ్చు. రెండూ ఇస్తుంటే రెండు వేరే వాక్యాలు రాయండి, లేకుంటే కానుకను బోనస్‌లో కలిపేసినారని తగాదా వస్తుంది.

నోటీసు ఇట్లా రాయొచ్చు: "ఈ సంవత్సరం బోనస్ అర్హులైన కార్మికులందరికీ మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తం మీద ఇంత శాతం లెక్కన, ఫలానా తేదీన బ్యాంకు ఖాతాలో వేస్తాము. బోనస్ లెక్కకు తీసుకున్న వేతన పరిమితి ఇంత." శాతం రాసి, ఎంత మీద శాతమో రాయకపోవడమే ఎక్కువ గొడవలకు మూలం. "ఇవ్వబడును" వద్దు, ఇచ్చేది ఎవరో తెలియదు. "అదనపు బోనస్" గూడా వద్దు, నిజంగా రెండోసారి ఇస్తుంటే తప్ప.

ఆదోని:
బోనస్సా, బోనసా?

గుంతకల్లు:
ఒంటరిగా ఉంటే బోనస్. విభక్తి చేరితే బోనసుకు, బోనసులో, బహువచనం బోనసులు. బస్సు మాదిరి ఒత్తు అక్కర్లేదు, బస్సులో మొదటి అక్షరం తర్వాతే గట్టిగా పలుకుతాం, ఇక్కడ అట్లా పలకం.