అప్‌డేట్: డేకేర్ పిల్లలు, కూరగాయల గోల

డాలస్‌లో మా ఇంట్లో నడుపుతున్న డేకేర్‌లో పిల్లలు కూర ముక్క ముట్టడం లేదని, పెట్టిందంతా చెత్తబుట్టలోకే పోతోందని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ఇక్కడి ఫెడరల్ ఫుడ్ ప్రోగ్రామ్‌లో (పిల్లలకి పెట్టే భోజనాలకి డేకేర్‌లకి ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) 3 నుంచి 5 ఏళ్ల వాళ్లకి లంచ్‌లో పావు కప్పు కూరగాయలు పెట్టాలి, కానీ వాళ్లు తినకపోయినా మనకొచ్చే డబ్బు ఆగదట, అది తెలిశాక సగం టెన్షన్ పోయింది. బతిమాలడం మానేశాను.

బీన్స్ పొడుగ్గానే ఉడికించి, కాస్త నెయ్యి వేసి, గిన్నె మధ్యలో పెట్టి మీరే వడ్డించుకోండి అంటే పోటీలు పడ్డారు. ఒకడైతే నోట్లో పెట్టుకుని, బయటికి తీసి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు! పచ్చి క్యారెట్ ముక్కలు ఇవ్వమన్నవాళ్లకి: నాలుగేళ్లలోపు పిల్లలకి గొంతులో అడ్డం పడొచ్చు, అందుకే మెత్తగా ఉడికించే పెడుతున్నా.

వంకాయని మాత్రం ఎవరూ తాకట్లేదు, ఉపాయం ఉంటే చెప్పండి.