ప్యూరిటన్లకు ఆటపాటలే ఉండేవి కావా?

పాఠకురాలు:
ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాకూ వలస వెళ్లిన, కఠిన నియమాల క్రైస్తవులు ప్యూరిటన్లు. మా అబ్బాయి పాఠంలో వాళ్లంటే నవ్వనివాళ్లు, పాడనివాళ్లు అన్నట్టు రాశారు. ఒక సమాజం మొత్తం వినోదమే లేకుండా బతికిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. తెలిసినవారు చెప్పగలరా?

పాతపుటలు:
కట్టుబాట్లు నిజమేనండీ. లండన్ నాటకశాలలను 1642లో మూయించారు. అమెరికాలో వాళ్లు స్థిరపడ్డ మసాచుసెట్స్‌లో క్రిస్మస్ జరుపుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా అని 1659లో చట్టం చేశారు. 1681 దాకా అది అమల్లోనే ఉంది.

చరిత్ర మాస్టారు:
అక్కడితో ఆపేస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే. ఆట తప్పని వాళ్లు అనలేదు. ఏ రోజున, ఏ పేరుతో ఆడుతున్నారన్నదే వాళ్ల పట్టింపు.

1621 క్రిస్మస్ నాడు అమెరికాలోని వాళ్ల వలస ఊరు ప్లిమత్‌లో జరిగింది చూడండి. ఈ రోజు పనిచేయడానికి మా మనస్సాక్షి ఒప్పుకోదని కొత్తగా వచ్చినవాళ్లు అన్నారు. గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్ సరేనని మిగతావాళ్లను తీసుకుని పనికి వెళ్లాడు. మధ్యాహ్నం వచ్చి చూస్తే వీళ్లు వీధిలో బరువైన కడ్డీ విసురుతూ, స్టూల్‌బాల్ అనే బంతాట ఆడుతూ కనిపించారు. ఆట సామాన్లు లాక్కుని, ‘అందరూ పనిచేస్తుంటే మీరు ఆడటానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు’ అన్నాడు. భక్తితో జరుపుకుంటామంటే ఇళ్లలో ఉండమన్నాడు. ఈ సంగతి ఆయనే స్వయంగా రాసిపెట్టాడు.

ఎవరూ చెప్పనిది ఇంకొకటుంది. ఇంగ్లండ్ పార్లమెంటు 1647లో క్రిస్మస్, ఈస్టర్ పండుగలను రద్దు చేస్తూనే, విద్యార్థులకూ పనివాళ్లకూ ప్రతి నెలా రెండో మంగళవారం సెలవు ఇచ్చింది. పండుగ వద్దన్నవాళ్లే మనిషికి విశ్రాంతి కావాలని ఒప్పుకున్నారు! పాఠ్యపుస్తకాల్లో ఇది తప్పకుండా ఉండాలి. 1657లో, అప్పట్లో ఇంగ్లండ్‌ను పాలిస్తున్న ప్యూరిటన్ నాయకుడు క్రామ్‌వెల్ కూతురు ఫ్రాన్సెస్ పెళ్లిలోనైతే 48 వయొలిన్లు మోగాయని, తెల్లవారుజామున ఐదింటి దాకా నాట్యం సాగిందని ఆనాటి ఉత్తరమొకటి చెబుతోంది.

పాఠకురాలు:
చాలా సంతోషం మాస్టారూ. మరి చర్చిలో సంగీతం?

చరిత్ర మాస్టారు:
వాయిద్యాలు వద్దన్నది చర్చిలోనేనమ్మా, ఇళ్లలో కాదు. చర్చిలో గొంతెత్తి కీర్తనలు పాడేవారు. 1640లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో వాళ్లు అచ్చువేసుకున్న పుస్తకం కూడా కీర్తనలదే. బోస్టన్ న్యాయమూర్తి శామ్యూల్ సెవాల్ చర్చిలో చాలా ఏళ్లు పాట ఎత్తి ఇచ్చేవాడు. వయసు మీదపడ్డాక, తాను ఒక వరుస ఎత్తుకుంటే సభ మరో వరుసలోకి జారిపోతోందని డైరీలో బాధపడ్డాడు. 1718లో ఆ బాధ్యతను తనకన్నా మంచి గొంతున్నవాళ్లకు అప్పగించాలని నిశ్చయించుకున్నాడు. పాటంటే గిట్టనివాడు అంత మథనపడతాడా?