థర్మోస్టాట్ మార్చినా మధ్యలోనే ఆగిపోతున్న గీజర్

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి):
మా ఇంట్లో 15 లీటర్ల, 2000 వాట్ల గీజర్ ఉంది, వాడేది బోరు నీళ్లే. కొంతకాలంగా నీళ్లు గోరువెచ్చన కాగానే దీపం ఆరిపోతోంది. కింది మూత విప్పి చిన్న ఎర్ర బటన్ నొక్కితే తిరిగి పనిచేస్తుంది గానీ, కొన్నాళ్లకు మళ్లీ అదే తంతు. మెకానిక్ థర్మోస్టాట్ మార్చినా ఫలితం లేదు. కాగేటప్పుడు లోపల టపటపమని చప్పుడు కూడా వస్తోంది. ఇప్పుడు ఎలిమెంట్ కూడా మార్చాలంటున్నారు. తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (చిత్తూరు, ఎలక్ట్రీషియన్):
అయ్యా, ఆ చప్పుడులోనే సగం జవాబుంది. బోరు నీళ్లలోని లవణాలు వేడికి ఎలిమెంట్ మీద తెల్లటి పొరగా పేరుకుంటాయి. ఆ పొరలో చిక్కిన నీరు ఆవిరవుతున్నప్పుడు అలా చప్పుడవుతుంది. పుట్టిన వేడి నీళ్లలోకి సరిగా దిగక ఎలిమెంట్ చుట్టూనే నిలిచిపోవడంతో, పక్కనే ఉన్న థర్మోస్టాట్ కడ్డీ నీళ్లన్నీ కాగాయనుకుంటుంది, వేడి మరీ పెరిగితే కటౌట్ (మీరు నొక్కే ఎర్ర బటన్ ఉన్న రక్షణ స్విచ్) పడిపోతుంది. కొత్త థర్మోస్టాట్ వేసినా దానికి తగిలేది ఆ వేడే కదా!

ఎం.సి.బి. దించి, నీళ్లు ఖాళీ చేయించి, ఎలిమెంట్ బయటికి తీయించండి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే పొర మెత్తబడి రాలుతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకనివ్వకండి, తొడుగు దెబ్బతింటుంది. తరువాత మీటరు పెడితే రెండు కొనల మధ్య సుమారు 26 ఓంలు రావాలి. కొనకూ తొడుగుకూ మధ్య మీటరు ఏ కాస్త చూపినా మార్చక తప్పదు, లేదంటే పాతదే చాలు. బిగించేటప్పుడు మాత్రం గాస్కెట్ కొత్తది వేయించండి, అరిగి ఉంటే ట్యాంకుకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీ కూడా.

మరొక జవాబు (తిరుచానూరు):
దీపం వెలుగుతూనే ఉండి నీళ్లు ఆలస్యంగా కాగుతుంటే మాత్రం వోల్టేజీ చూడండి. 230 వద్ద 2000 వాట్లు లాగే ఎలిమెంట్ 180కి పడితే సుమారు 1200 వాట్లే లాగుతుంది, పద్దెనిమిది నిమిషాల పని అరగంట పడుతుంది. మీ సంగతి వేరు.

ప్రశ్న అడిగినవారు:
ఎలిమెంట్ తీయించాము. కడ్డీ కనపడనంతగా పొర పట్టి ఉంది, అడుగున పెచ్చులు కూడా దండిగా వచ్చాయి. శుభ్రం చేశాక మీటరు 27 చూపింది, అదే బిగించాము. థర్మోస్టాట్‌ను ఎంతలో ఉంచమంటారు?

జవాబు (చిత్తూరు, ఎలక్ట్రీషియన్):
60 డిగ్రీలు చాలు, అంతకు మించితే పొర త్వరగా పడుతుంది. మళ్లీ బటన్ నొక్కవలసి వస్తే ముందు ఎలిమెంట్‌నే చూడండి. విసుగొచ్చి కటౌట్‌ను తప్పించి నేరుగా వైరు కలిపేసేవారు కొందరున్నారు, ఎవరు చెప్పినా ఆ పని మాత్రం చేయనివ్వకండి: థర్మోస్టాట్ అతుక్కుపోతే నీళ్లు మరిగి ట్యాంకే పగలవచ్చు.