ఇనుమారా, ఇరుమారా?

కొలిమి: అల్యూమినియం అతుకుల మీద వ్యాసం రాస్తున్నాను. వెల్డింగు జరుగుతుండగానే పలకను సన్నగా అదిరిస్తే, గడ్డకడుతున్న లోహంలో కొమ్మల్లా పెరిగే స్ఫటికాలు విరిగి రేణువులు చిన్నవవుతాయి, చిక్కుకున్న హైడ్రోజన్ బుడగలు పైకి తేలిపోతాయి, అతుకు గట్టిపడుతుంది. శీర్షికకు వేమన పాదం తీసుకుందామని ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను: ‘ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు’. ఇనుమారా, ఇరుమారా? ‘కంపనం’ కన్నా మంచి మాట ఉంటే అదీ చెప్పండి.

యతిప్రియ: ఇనుమారే. ఇనుమడి ఎలాగో ఇదీ అలాగే. ఇనుము పక్కన ఇనుమారు ఎలా పలుకుతోందో వినండి! వేమన ఆ సొగసును వదులుకోడు.

పాతపుస్తకం: సొగసు సాక్ష్యం కాదండీ. ఏది పెట్టినా గణం సలమే, యతి కూడా చెడదు. నోళ్లలో నడిచిన పద్యం ఇది. బ్రౌన్ 1829లో అచ్చు వేయించేనాటికే ఎన్ని నోళ్లు మారిందో! మా ఇంట్లో రెండో పాదమే వేరు: ‘కాచి యతుకనేర్చు కమ్మరీడు’.

యతిప్రియ: నేను నేర్చింది ‘కాచి యతుకవచ్చు క్రమముగాను’. ఆ ‘క్రమము’లోనే పనితనమంతా ఉంది.

కొలిమి: నాకు ‘కాచి’ దగ్గరా చిక్కే. కమ్మరి ఇనుమును కరిగించడు. తెల్లగా కాగాక ముక్క మీద ముక్క పెట్టి సమ్మెటతో కొడతాడు. రంగే అతనికి కొలత. అల్యూమినియం 660 డిగ్రీలకే, ఎర్రబడకుండానే కరుగుతుంది. పైనున్న ఆక్సైడు పొర మాత్రం 2000 డిగ్రీలు దాటితేగాని కరగదు. మొదటిసారి టిగ్ అనే విద్యుత్ వెల్డింగు పరికరం పట్టుకున్న రోజు, వెండిలా మెరుస్తున్న అంచు నేను చూస్తుండగానే కుంగి జారిపోయింది. దాన్ని ‘కాచడం’ అనలేను.

చెవిటంకం: మాట అడిగారుగా, ‘అదురు’. కంపనం పుస్తకంలో కనబడుతుంది, అదురు చేతికి తగులుతుంది.

పాతపుస్తకం: అదురులో బెదురు కూడా ఉంది.

చెవిటంకం: అయితే ‘మోత’. ‘కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా’ అన్నవాడికి లోహాల గుణం తెలియదా? మ్రోగడమంటే లోహం అదరడమే. మా నాన్నగారు కంచు చెంబు కొనేముందు గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవారు. బీట ఉంటే మోత మధ్యలో తెగిపోతుంది.

కొలిమి: అది చక్కటి పరీక్ష. మోత మాత్రం వద్దండీ, చెవికి వినబడని 20,000 హెర్ట్జ్‌తో కూడా అదిరిస్తారు. ఒక హద్దు కూడా రాయాలి: 6061 లాంటి అల్యూమినియం మిశ్రమాన్ని వేడిచికిత్సతో గట్టిపరిచాక వెల్డింగు చేస్తే, అతుకు పక్కన వేడి సోకిన పట్టీ మెత్తబడుతుంది. అదిరించినంత మాత్రాన ఆ బలం తిరిగి రాదు.

యతిప్రియ: ‘మనసు విరిగెనేని మరి యంటనేర్చునా’!

పాతపుస్తకం: మా పాఠంలో అక్కడ ‘మరి చేర్చరాదయా’.