సర్వీసింగ్ చేయించిన మరునాటి నుంచి డీజిల్ కారు లాగడం లేదు: టర్బో పోయినట్టేనా?

ప్రశ్న – పాలకొల్లు నుంచి

అందరికీ నమస్కారం. మాది 2015 నాటి 1.3 లీటర్ల టర్బో డీజిల్ కారు. ఇప్పటికి 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. పోయిన వారం ఇక్కడి ఒక షెడ్డులో ఇంజన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్పించి, ఈజీఆర్ వాల్వును (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే కవాటం) విప్పించి మసి కడిగించాను. మరునాడు రాజోలు వెళ్తూ చించినాడ వంతెన ఎక్కుతుంటే బండి ఒక్కసారిగా బరువెక్కినట్టయింది. మన ప్రాంతమంతా చదును కాబట్టి ఊళ్ళో తిరిగినంతసేపూ లోపం తెలియలేదు. వంతెన ఎత్తు మీద మాత్రం మూడో గేరులో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినా, 2,000 ఆర్‌పీఎం దాటాక రావలసిన ఊపు రాలేదు. అద్దంలో చూస్తే వెనక నల్లటి పొగ కనిపించింది. స్టార్టింగ్ బాగానే ఉంది, ఐడిలింగ్ నిలకడగా ఉంది, ఇంజన్ లైటు వెలగడం లేదు. పని చేసిన మెకానిక్ గారు, ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో పోయిందని, మార్చక తప్పదని అంటున్నారు. ముందురోజు వరకు చక్కగా లాగిన బండిలో రాత్రికి రాత్రి టర్బో పోతుందా? అంత ఖర్చు పెట్టే ముందు ఏమేమి చూసుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం – తణుకు నుంచి

అయ్యా, టర్బో మాట ఇప్పుడే వద్దండి. మీరు రాసినవాటిలో రెండు విషయాలు దారి చూపిస్తున్నాయి: ఒకటి నల్ల పొగ, రెండోది ఇబ్బంది లేని స్టార్టింగ్. డీజిల్ ఫిల్టర్ సరిగా కూర్చోక గాలి చొరబడితే ఇంజన్‌కు డీజిల్ చాలదు. అప్పుడు పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది, లాగేటప్పుడు కుదుపులు వస్తాయి, అంతే తప్ప నల్ల పొగ రాదు. నల్ల పొగ వస్తోందంటే డీజిల్ పడుతోంది, దాన్ని పూర్తిగా కాల్చడానికి గాలి చాలడం లేదని అర్థం.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే ఉండే ఎయిర్‌ఫ్లో సెన్సర్ లోపలికి వెళ్ళే గాలిని కొలుస్తుంది. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ఆ లెక్కను బట్టి డీజిల్ పోస్తుంది. టర్బో దాటిన తరువాత హోస్ ఎక్కడైనా వదులైతే, కొలతలోకి వచ్చిన గాలిలో కొంత బయటికి పోతుంది, డీజిల్ మాత్రం పూర్తి లెక్కకే పడుతుంది. ఐడిలింగ్‌లో టర్బో ఒత్తిడి దాదాపు ఉండదు కనుక అప్పుడు ఏ తేడా తెలియదు. ఈజీఆర్ విప్పాలంటే చాలా బండ్లలో, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇన్‌టేక్‌కు (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారికి) వచ్చే రబ్బరు హోస్‌ను తప్పించాలి. నేనైతే మొదట అక్కడే చూస్తాను. ఇంజన్ చల్లారాక ఆ హోస్ చుట్టూ వేలితో తడమండి; పైన క్లిప్పు గట్టిగానే ఉంటుంది, కింద వైపు రబ్బరు అంచు పైపు గట్టును దాటకుండా సగంలోనే ఆగిపోయి ఉండవచ్చు. కొత్తగా నూనె తడి, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే గాలి అక్కడి నుంచే పోతోందని అనుకోవచ్చు.

సమాధానం – అమలాపురం నుంచి

పై వారు చెప్పినది సరైన వరుస. మరొకటి కలుపుతాను. మీ టర్బో వేరియబుల్ జామెట్రీ (లోపలి రెక్కల కోణం మారే) రకమై వాక్యూంతో పనిచేసేదైతే, ఆ రెక్కలను కదిపే ఆక్చువేటరుకు వెళ్ళే సన్నని పైపు ఊడినా, చిట్లినా రెక్కలు తెరిచిన స్థితిలోనే ఉండిపోయి ఒత్తిడి పుట్టదు. ఇంజన్ స్టార్ట్ చేయగానే ఆక్చువేటరు కడ్డీ కదలాలి, ఆపగానే వెనక్కి రావాలి. మీరు చూస్తుండగా మరొకరి చేత తాళం తిప్పించండి. వరిచేల పక్కన బండి నిలిపేవారు ఎలుక కొరుకుడు కూడా చూసుకోవాలి.

స్కానర్ దొరికితే ఇంకా మంచిది. లైటు వెలగకపోయినా పెండింగ్ కోడ్ (లైటు వెలిగించేదాకా రాని లోపం గుర్తు) నిలిచి ఉండవచ్చు. పి0299 అంటే టర్బో ఒత్తిడి చాలలేదని, పి0087 అంటే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలో (రైలులో) ఒత్తిడి పడిపోయిందని. మనది సముద్రమట్టానికి దగ్గరి నేల కాబట్టి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పినప్పుడు, ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ సుమారు 100 కిలోపాస్కల్స్ చూపించాలి. బండి గట్టిగా లాగుతున్నప్పుడు ఆ అంకె బాగా పెరగాలి. ఒక్క మనవి: పొగ వస్తుండగా బండిని గట్టిగా తొక్కకండి. పోతున్న గాలిని పూడ్చడానికి టర్బో అవసరానికి మించి తిరుగుతుంది. ఇప్పుడు బాగున్న టర్బో అప్పుడు నిజంగానే పాడవుతుంది.

ప్రశ్న అడిగినవారు – మళ్ళీ

మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వేరొక షెడ్డులో స్కానర్ పెట్టించగా పి0299 పెండింగ్‌లో ఉంది. స్టార్ట్ చేయకముందు 101 చూపించిన మ్యాప్ సెన్సర్, మూడో గేరులో పూర్తిగా తొక్కినా 118 దాటలేదు. ఇన్‌టేక్ హోస్ కింద వైపు చేయి పెడితే, తణుకు వారు రాసినట్టే, రబ్బరు అంచు మడతపడి గట్టు బయటే ఉండిపోయింది. వేలికి నల్లటి నూనె అంటింది. హోస్ తీసి ఉండగానే, ఆగి ఉన్న ఇంజన్‌లో టర్బో చక్రాన్ని వేలితో తిప్పించి చూశాం. అది గోడకు తగలకుండా తేలికగా తిరిగింది. పైపు చివర, హోస్ లోపల నూనె లేకుండా తుడిచి, మరలు అరిగిన పాత క్లిప్పు బదులు కొత్తది వేయించాను. అయిన ఖర్చు ఆ క్లిప్పు, కూలి మాత్రమే.

నిన్న నలుగురం కూర్చుని రాజోలు వెళ్ళి వచ్చాం. చించినాడ వంతెన నాలుగో గేరులోనే ఎక్కింది, మ్యాప్ 205 వరకు వెళ్ళింది, వెనక పొగ లేదు.